ట్రావెల్ క్రెడిట్ కార్డులు: ఫీజు ఎక్కువైతే లాభమూ ఎక్కువేనా? ఉత్తరాంధ్ర ప్రయాణికుల అసలు లెక్క ఇదీ!

ఎయిర్‌పోర్టు లౌంజ్ ఫ్రీ.. రైలు టికెట్‌పై 10 శాతం వెనక్కి.. పాయింట్లతో విమానం టికెట్.. జీతం ఖాతా ఉన్నవారి ఫోన్లకు ఇలాంటి ఆఫర్లు వస్తూనే ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారిని ఇవి ఇంకాస్త ఎక్కువగా ఊరిస్తాయి. ఎందుకంటే ఇక్కడ ప్రయాణం అంటే సరదా కాదు, బతుకుదెరువులో భాగం. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో కొలువులు. ఉద్దానం పల్లెల నుంచి గల్ఫ్ దాకా వలసలు. సంక్రాంతికో, పైడితల్లి సిరిమాను సంబరానికో సొంతూరు రాక తప్పదు. ఏటా ఎలాగూ టికెట్లు కొంటున్నాం కదా, ఆ కార్డేదో తీసుకుంటే పోలా అనిపించడం సహజమే.

అయితే మార్కెట్‌లో ఏడాదికి రూ.300 ఫీజు కార్డు నుంచి రూ.12,500 ఫీజు కార్డు దాకా ఉన్నాయి. ఫీజు పెరిగేకొద్దీ లాభమూ పెరుగుతుందా? లెక్క వేసి చూస్తే ఈ రెండు జిల్లాల్లో ఎక్కువ మందికి వచ్చే సమాధానం ఒక్కటే.. పెరగదు! కొందరికి మాత్రం పెరుగుతుంది. ఆ కొందరు ఎవరు? మిగతావారికి ఏది మేలు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అసలు ఫీజు ఎంతో తెలుసుకోవాలి

ప్రకటనలో కనిపించే ఫీజు వేరు, బిల్లులో పడే ఫీజు వేరు. కార్డు వార్షిక ఫీజుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే రూ.300 ఫీజు రూ.354 అవుతుంది. రూ.1,499 కాస్తా దాదాపు రూ.1,769. రూ.5,000 ఫీజు రూ.5,900. రూ.12,500 అయితే ఏకంగా రూ.14,750.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫీజు కట్టేది ముందు. లాభం వచ్చేది తర్వాత, అదీ ఖర్చు పెడితేనే. కార్డు బీరువాలో పెట్టి ఉంచినా ఫీజు ఆగదు. ‘మొదటి ఏడాది ఫ్రీ’ అంటే రెండో ఏడాది నుంచి ఫీజు ఉన్నట్టే. ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ అని రాతపూర్వకంగా ఉంటేనే ఉచితం. ఫోన్‌లో చెప్పిన మాటకు, బిల్లులో వచ్చే అంకెకు తేడా వచ్చేది సాధారణంగా ఇక్కడే.

రైలు కార్డు: ఇక్కడ చిన్న ఫీజుదే పైచేయి

ఈ రెండు జిల్లాల వారి ప్రయాణంలో పెద్ద వాటా రైలుదే. విజయనగరం జంక్షన్, శ్రీకాకుళం రోడ్డు, పలాస, ఇచ్ఛాపురం, బొబ్బిలి, పార్వతీపురం.. స్టేషన్ ఏదైనా టికెట్ మాత్రం ఎక్కువగా ఐఆర్‌సీటీసీలోనే. అందుకే రైలు టికెట్ల కోసమే వచ్చిన ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డులతో మొదలుపెడదాం. ఇందులో రెండు రకాలు ప్రధానం.

మొదటిది ప్లాటినం. చేరేటప్పుడు రూ.500, రెండో ఏడాది నుంచి రూ.300 ఫీజు. రెండోది ప్రీమియర్. ఏడాదికి రూ.1,499. ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్ లేదా యాప్‌లో ఏసీ ఫస్ట్, సెకండ్, థర్డ్ క్లాసులు, చైర్ కార్ టికెట్లు కొంటే 10 శాతం వరకు పాయింట్ల రూపంలో వెనక్కి ఇస్తామన్నది రెండు కార్డుల హామీ. ఒక పాయింట్ ఒక రూపాయి. ఆ పాయింట్లతో మళ్లీ రైలు టికెట్ కొనుక్కోవచ్చు.

గమనించారా? టికెట్‌పై వచ్చే శాతం రెండింటిలోనూ ఒకటే. ఫీజు మాత్రం ఐదింతలు!

ఓ ఉదాహరణ చూద్దాం. సికింద్రాబాద్‌లో ఉంటూ ఏడాదికి రెండుసార్లు శ్రీకాకుళం వచ్చి వెళ్లే నలుగురు సభ్యుల కుటుంబం అనుకుందాం. థర్డ్ ఏసీ టికెట్ సగటున రూ.1,200 వేసుకుంటే మొత్తం 16 టికెట్లకు రూ.19,200 అవుతుంది. అందులో 10 శాతం అంటే గరిష్ఠంగా రూ.1,920. ప్లాటినం కార్డుకు రెన్యువల్ ఫీజు రూ.354 తీసేస్తే రూ.1,566 మిగులు. ప్రీమియర్ కార్డుకు రూ.1,769 తీసేస్తే మిగిలేది రూ.151 మాత్రమే.

ఇంకోలా చెప్పాలంటే ఏడాదికి రూ.3,540 విలువైన ఏసీ టికెట్లు కొంటే ప్లాటినం ఫీజు తిరిగొచ్చేస్తుంది. అంటే మూడు టికెట్లు. ప్రీమియర్‌కైతే రూ.17,690 విలువైన టికెట్లు కొనాలి. ఏడాదికి రూ.2 లక్షలు ఖర్చు చేస్తే ప్రీమియర్ ఫీజు మాఫీ అన్న షరతు ఉంది. అంత ఖర్చు ఎలాగూ కార్డు మీదే జరుగుతుంటే ప్రీమియర్ కూడా మంచిదే. ఫీజు మాఫీ కోసమే అవసరం లేని టీవీనో, ఫోన్‌నో కొంటే మాత్రం రూ.1,769 మిగుల్చుకోవడానికి రూ.30 వేలు వదిలించుకున్నట్టే!

చైర్ కార్‌కూ ఈ లాభం వర్తించడం ఈ ప్రాంతానికి కలిసొచ్చే విషయం. విశాఖ-సికింద్రాబాద్ వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది. 2024లో భువనేశ్వర్-విశాఖ వందేభారత్ వచ్చింది. ఇది ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా నడుస్తుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖ వందేభారత్ మొదలవడంతో పార్వతీపురం వారికీ చైర్ కార్ అందుబాటులోకి వచ్చింది.

స్లీపర్‌లో వెళ్లేవారి సంగతేంటి?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ‘రైలు టికెట్‌పై 10 శాతం’ అన్న మాట వినగానే అన్ని టికెట్లకూ వస్తుందనుకుంటారు. ఆ 10 శాతం ఏసీ క్లాసులకు, చైర్ కార్‌కు చెప్పిన మాట. స్లీపర్ టికెట్‌కు అది వర్తించదు. కౌంటర్‌లో కొన్న టికెట్‌కూ వర్తించదు. మామూలు ఖర్చులకు ఈ కార్డు ఇచ్చేది రూ.125కు ఒక పాయింట్, అంటే 0.8 శాతమే.

భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లే కూలీలు, చేపల వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లే మత్స్యకారులు ఎక్కేది స్లీపర్, జనరల్ బోగీలే. వీరికి రైలు కార్డుతో వచ్చే లాభం దాదాపు సున్నా. పైగా యూపీఐతో కడితేనే కొంచెం మిగులు. ఐఆర్‌సీటీసీ సర్వీస్ చార్జీ నాన్ ఏసీకి రూ.15, ఏసీకి రూ.30. యూపీఐతో అయితే అది రూ.10, రూ.20 మాత్రమే. దీనిపై జీఎస్టీ అదనం.

టికెట్ రద్దు చేస్తే ఆ టికెట్‌పై వచ్చిన పాయింట్లు కూడా వెనక్కి పోతాయి. పండగ సీజన్‌లో రెండు మూడు రైళ్లలో బుక్ చేసి, తర్వాత ఒకటి ఉంచుకునే అలవాటున్నవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రద్దు చార్జీ మాత్రం మన జేబులోంచే పోతుంది.

పెద్ద ఫీజు కార్డు ఎప్పుడు గిట్టుబాటు?

ఇక విమాన ప్రయాణాల కార్డులు. ఇవి రూ.2,500 నుంచి రూ.12,500 ఫీజు దాకా ఉన్నాయి. వీటిని పోల్చేటప్పుడు చాలామంది వేసే లెక్క ఇలా ఉంటుంది: ‘ఫీజు ఇంత, పాయింట్లు అంత, కాబట్టి లాభం.’ ఇందులో ఒక అంకె తప్పిపోతోంది. అదే ఖర్చు ఫీజు లేని కార్డుతో పెట్టినా ఎంతో కొంత వచ్చేది కదా? పోల్చాల్సింది దానితో.

మూడు రకాల కార్డులు అనుకుందాం. మొదటిది ఫీజు లేనిది, 1 శాతం వెనక్కి ఇస్తుంది. రెండోది రూ.2,500 ఫీజు, 1.5 శాతం. మూడోది రూ.10,000 ఫీజు, 2.5 శాతం. జీఎస్టీతో కలిపి ఫీజులు రూ.2,950, రూ.11,800 అవుతాయి.

నెలకు రూ.25,000.. అంటే ఏడాదికి రూ.3 లక్షలు కార్డుపై ఖర్చు చేసేవారి పరిస్థితి చూడండి:

• ఉచిత కార్డు: రూ.3,000 మిగులు
• మధ్య రకం: రూ.4,500 వస్తే, ఫీజు పోగా రూ.1,550 మిగులు
• పెద్ద కార్డు: రూ.7,500 వస్తే, ఫీజు పోగా రూ.4,300 నష్టం

ఇప్పుడు ఏడాదికి రూ.10 లక్షలు ఖర్చు చేసేవారు:

• ఉచిత కార్డు: రూ.10,000
• మధ్య రకం: ఫీజు పోగా రూ.12,050
• పెద్ద కార్డు: ఫీజు పోగా రూ.13,200

మధ్య రకం కార్డు ఉచిత కార్డుతో సమానం కావాలన్నా ఏడాదికి రూ.5.9 లక్షలు ఖర్చు చేయాలి. అంటే నెలకు దాదాపు రూ.49 వేలు. పెద్ద కార్డుకైతే దాదాపు రూ.7.87 లక్షలు, అంటే నెలకు రూ.65 వేలకు పైనే. రూ.10 లక్షలు ఖర్చు పెట్టే మనిషికి కూడా పెద్ద కార్డు వల్ల ఏడాదికి అదనంగా మిగిలేది రూ.3,200 మాత్రమే అన్నది గమనించాలి.

ఈ సూత్రం ఏ కార్డుకైనా పనికొస్తుంది. జీఎస్టీతో కలిపి ఫీజు ఎంతో చూడండి. ఆ కార్డు ఇచ్చే శాతంలోంచి ఉచిత కార్డు ఇచ్చే శాతం తీసేయండి. మిగిలిన శాతంతో ఫీజును భాగిస్తే, ఏడాదికి కనీసం ఎంత ఖర్చు చేయాలో తేలిపోతుంది.

కొన్ని పెద్ద కార్డులు ఫీజును పాయింట్లుగా తిరిగి ఇస్తాయి. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా ఇందుకు ఉదాహరణ. ఫీజు రూ.12,500, దానికి 12,500 పాయింట్లు. బ్యాంకు సొంత పోర్టల్‌లో విమానం టికెట్లకు, హోటళ్లకు వాడితే ఒక పాయింట్ ఒక రూపాయి. కాగితం మీద చూస్తే నికర ఖర్చు జీఎస్టీ రూ.2,250 మాత్రమే. కానీ ఆ పాయింట్లను అక్కడే, ప్రయాణాలకే వాడాలి. ఏడాదికి ఒక్కసారి కూడా విమానం ఎక్కని ఇంట్లో 12,500 పాయింట్లంటే రూ.12,500 కాదు. పైగా ఇది అడిగిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే కార్డు కాదు, బ్యాంకే ఎంచి పిలిచి ఇచ్చేది.

అంత ఖర్చు కార్డు మీద ఎక్కడ పెడతారు?

నెలకు రూ.49 వేలు ఖర్చు అవుతుంది సరే. అదంతా కార్డు మీదే అవుతుందా? పైడిభీమవరం పారిశ్రామిక వాడలో పనిచేసే ఉద్యోగి ఇంటి బడ్జెట్ ఊహించుకోండి. ఇంటి అద్దె ఓనర్ ఖాతాకు. పాలు, కూరగాయలు, చేపలు నగదు లేదా ఫోన్‌పే. పిల్లల బడి ఫీజు చాలాచోట్ల నగదు లేదా యూపీఐ. ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది బ్యాంకు బదిలీ. కార్డు గీకే చోట్లు సూపర్ మార్కెట్, బట్టల దుకాణం, పెట్రోల్ బంకు, ఆన్‌లైన్ షాపింగ్.. అంతే.

వీటిలోనూ కోతలున్నాయి. పెట్రోల్‌కు చాలా కార్డుల్లో పాయింట్లు రావు. అద్దె చెల్లింపులకు ఎస్‌బీఐ కార్డు 2024 ఏప్రిల్ నుంచి అనేక కార్డుల్లో పాయింట్లు ఆపేసింది. వ్యాలెట్‌లో డబ్బు వేసుకోవడం, ఈఎంఐలు లాంటివీ చాలా బ్యాంకుల్లో లెక్కలోకి రావు.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టాలంటే రూపే క్రెడిట్ కార్డు ఉండాలి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించేందుకు 2022లో అనుమతి వచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్‌లకు ఆ వీలు లేదు. రూపే అయినా దుకాణం పేరిట ఉన్న క్యూఆర్‌కే చెల్లుతుంది తప్ప వ్యక్తుల ఖాతాలకు డబ్బు పంపడానికి కుదరదు. చిన్న పట్టణాల్లో ఉండేవారికి పెద్ద ఫీజు వీసా కార్డు కన్నా, ఫీజు లేని రూపే కార్డు ఎక్కువ చోట్ల పనికొచ్చేది ఇందుకే.

లౌంజ్ ఫ్రీ.. కానీ షరతులు వర్తిస్తాయి!

కార్డు తీసుకునేలా చేసే పెద్ద ఆకర్షణ లౌంజ్. అయితే గత కొన్నేళ్లలో ఈ సౌకర్యానికి బ్యాంకులు వరుసగా ఖర్చు షరతులు పెట్టాయి. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా, మిలీనియా కార్డులకు 2023 డిసెంబర్ 1 నుంచి మూడు నెలల్లో రూ.లక్ష ఖర్చు నిబంధన వచ్చింది. ఐసీఐసీఐ 2024 ఏప్రిల్ 1 నుంచి చాలా కార్డులకు ముందు మూడు నెలల్లో రూ.35,000 ఖర్చు ఉండాలంది. అదే ఏడాది నవంబర్ 15 నుంచి దాన్ని రూ.75,000కు పెంచింది. యాక్సిస్ బ్యాంకు 2024 మే నుంచి కొన్ని కార్డులకు రూ.50,000 షరతు పెట్టింది.

మూడు నెలల్లో రూ.లక్ష అంటే నెలకు రూ.33 వేలకు పైనే. ఇంట్లో అందరి ఖర్చూ ఒకే కార్డుపై పెడితే గానీ కుదరని మాట. అదీ ఎందుకు? ఏడాదికి రెండు మూడుసార్లు లౌంజ్‌లో ఇడ్లీ, కాఫీ కోసం.

లౌంజ్ విలువ లెక్కగట్టేటప్పుడు ‘బయట కొంటే రూ.1,000’ అని వేసుకోవద్దు. లౌంజ్ లేకపోతే మీరు నిజంగా ఎంత ఖర్చు చేసేవారో అంతే వేసుకోవాలి. టిఫిన్‌కు రూ.200 పెట్టే మనిషికి లౌంజ్ విలువ రూ.200 మాత్రమే. ఇంటి దగ్గరే తిని బయల్దేరేవారికి సున్నా.

రైల్వే లౌంజ్‌లదీ ఇదే కథ. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డుల్లో ప్లాటినంకు ఏడాదికి నాలుగు, ప్రీమియర్‌కు ఎనిమిది సార్లు ఉచిత ప్రవేశం ఉంది. కానీ అది జాబితాలో ఉన్న స్టేషన్లలోనే. శ్రీకాకుళం రోడ్డులోనో, పలాసలోనో రైలెక్కి దిగేవారు ముందుగా ఆ జాబితాలో తమ స్టేషన్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఎనిమిదైనా, ఎనభై అయినా ఒకటే.

ఫీజు కట్టాక రూల్స్ మారితే?

పెద్ద ఫీజు కార్డుల్లో ఎవరూ ముందు చెప్పని రిస్క్ ఇది. ఈ మధ్య జరిగినవే కొన్ని చూడండి.

యాక్సిస్ మాగ్నస్ కార్డు ఒకప్పుడు పాయింట్ల ప్రియులకు తెగ నచ్చింది. నెలకు రూ.లక్ష ఖర్చు చేస్తే అదనంగా 25,000 పాయింట్లు వచ్చేవి. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఆ లాభం పోయింది. ఫీజు మాత్రం రూ.10,000 నుంచి రూ.12,500 అయింది.

విస్తారా ఎయిర్‌లైన్స్ 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. విస్తారా పేరుతో ఉన్న కార్డులు తీసుకున్నవారు ఆ తర్వాత ఒక్కో లాభం కోల్పోతూ వచ్చారు. కంపెనీయే లేనప్పుడు దాని పాయింట్లు ఏమవుతాయి? వేరే స్కీములోకి మారాయి.

2025 మార్చి 31 నుంచి ఎయిరిండియా ఎస్‌బీఐ కార్డులపై పాయింట్లు తగ్గాయి. ఎయిరిండియా టికెట్లు కొంటే ప్రతి రూ.100కు ప్లాటినం కార్డుపై 15 పాయింట్లు వచ్చేవి, అవి 5కు దిగాయి. సిగ్నేచర్ కార్డుపై 30 వచ్చేవి, అవి 10 అయ్యాయి. 2025 జులై 15 నుంచి ఎస్‌బీఐ కార్డు తన ఎలైట్, ప్రైమ్ లాంటి కార్డులపై ఇస్తున్న ఉచిత విమాన ప్రమాద బీమాను కూడా నిలిపేసింది.

దీన్నిబట్టి తేలేది ఏంటంటే.. పాయింట్లు బ్యాంకులో డిపాజిట్ లాంటివి కావు. వాటికి వడ్డీ రాదు సరికదా, విలువ ఎప్పుడైనా తగ్గొచ్చు. రూ.354 ఫీజు కార్డులో రూల్ మారితే పోయేది రూ.354. రూ.14,750 కట్టిన మర్నెల రూల్ మారితే? అందుకే పాయింట్లు కూడబెట్టడం కాదు, ఎప్పటికప్పుడు టికెట్లకు వాడేయడం మేలు.

భోగాపురం వస్తే లెక్క మారుతుందా?

విజయనగరం జిల్లా భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పేరు చెప్పి కూడా విమాన కార్డులపై ఆసక్తి పెరుగుతోంది. జీఎంఆర్ సంస్థ నిర్మాణం చేపట్టిన ఈ ప్రాజెక్టుకు 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి కావడంతో దీనిపై అంచనాలు ఇంకా పెరిగాయి.

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. ఇచ్ఛాపురం వైపు వారికైతే రెట్టింపు దాటుతుంది. టికెట్‌తో పాటు కారు కిరాయి కూడా వేసుకోవాలి. ఈ కిరాయిని ఏ ట్రావెల్ కార్డూ తిరిగి ఇవ్వదు. విమానాశ్రయం దగ్గరికి రావడం వల్ల నిజంగా మిగిలేది ఆ కిరాయి, ఆ సమయం. అది కార్డు ఉన్నా లేకున్నా మిగిలేదే!

కార్డు లెక్క మారాలంటే ఇంట్లో విమాన ప్రయాణాల సంఖ్య పెరగాలి. ఏడాదికి రెండుసార్లు ఎగిరేవారు ఆరుసార్లు ఎగరడం మొదలుపెట్టాక కార్డు గురించి ఆలోచించినా ఆలస్యమేమీ కాదు. విమానాశ్రయం వస్తుందని ముందే రూ.5,000 ఫీజు కార్డు తీసుకోవడం, పెళ్లి కుదరక ముందే పందిరి వేసినట్టు ఉంటుంది.

గల్ఫ్, అమెరికా వెళ్లేవారు చూడాల్సింది పాయింట్లు కాదు

విదేశాల్లో కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా ఫారెక్స్ మార్కప్ వేస్తాయి. జీఎస్టీతో కలిపి 4.13 శాతం. అంటే రూ.లక్ష ఖర్చుకు రూ.4,130. కార్డు ఇచ్చే 1, 2 శాతం పాయింట్లు దీని ముందు దిగదుడుపే. పిల్లల యూనివర్సిటీ దరఖాస్తు ఫీజులు డాలర్లలో కట్టే తల్లిదండ్రులకూ ఈ కోత వర్తిస్తుంది.

ఇక్కడ ఫీజు ఎక్కువున్న కార్డే ఉండాలన్న రూలేమీ లేదు. ఫెడరల్ బ్యాంకుతో కలిసి 2023లో వచ్చిన స్కాపియా కార్డు వార్షిక ఫీజు లేకుండా, ఫారెక్స్ మార్కప్ లేకుండా వచ్చింది. అయితే దాని కాయిన్ల లెక్క జాగ్రత్తగా చూడాలి. 10 శాతం కాయిన్లు అంటే 10 శాతం డబ్బు కాదు. ఐదు కాయిన్లు కలిస్తే ఒక రూపాయి, అంటే నిజానికి 2 శాతం. ఏ కార్డులోనైనా ‘ఎన్ని పాయింట్లు’ అని కాదు, ‘ఒక పాయింట్ ఎన్ని పైసలు’ అని అడగాలి.

ఒక్క నెల వడ్డీ.. ఏడాది లాభం మాయం!

ఈ లెక్కలన్నీ ఒకే ఒక్క షరతు మీద నిలబడ్డాయి. ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోగా కట్టేయాలి. కట్టకపోతే?

క్రెడిట్ కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3.5 నుంచి 3.75 శాతం. ఏడాదికి 42 నుంచి 45 శాతం. దీన్ని 30 శాతానికి పరిమితం చేస్తూ జాతీయ వినియోగదారుల కమిషన్ గతంలో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది. కాబట్టి ఆ పరిమితి లేదు.

రూ.40,000 బిల్లులో ‘మినిమం డ్యూ’ మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే ఏమవుతుందో సుమారుగా చూద్దాం. రూ.40,000పై నెలకు 3.75 శాతం అంటే రూ.1,500. దానిపై జీఎస్టీ రూ.270. మొత్తం రూ.1,770. పైన చెప్పిన నలుగురి కుటుంబానికి ఏడాదంతా రైలు టికెట్లపై వచ్చింది ఎంత? గరిష్ఠంగా రూ.1,920. ఒక్క నెల వాయిదా వేస్తే ఏడాది పాయింట్లు దాదాపుగా గల్లంతు!

బాకీ ఉంచితే కొత్తగా కొన్నవాటిపైనా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా చార్జీ. పండగకు ఊరొచ్చి చేతిలో డబ్బు ఆడక కార్డుతో నగదు తీస్తే ఏ లౌంజూ ఆ నష్టాన్ని పూడ్చలేదు. బిల్లు పూర్తిగా కట్టలేని నెలలు ఏడాదిలో రెండు మూడు ఉంటాయనుకునేవారికి ఏ ట్రావెల్ కార్డూ లాభం కాదు. ఫీజు లేని కార్డు కూడా కాదు.

ఫోన్‌లో ‘సరే’ అనే ముందు..

రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు వినియోగదారుడికి కొన్ని హక్కులు ఇచ్చాయి. ఇవి తెలిసి ఉండాలి.

• అడగకుండా కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి బిల్లు వేస్తే ఆ చార్జీ వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెట్టింపు మొత్తాన్ని జరిమానాగా చెల్లించాలి.
• వడ్డీ, చార్జీలు ఒకే పేజీలో ఉండే కీలక వివరాల పత్రాన్ని దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. ఏజెంట్‌ను ముందుగా అడగాల్సింది అదే.
• బాకీలన్నీ కట్టేసి కార్డు మూసేయమని అడిగితే 7 పని దినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 చొప్పున వినియోగదారుడికి ఇవ్వాలి.
• ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు స్పందించకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. హెల్ప్‌లైన్ నంబర్ 14448.

ఫీజు పడే నెలకు ముందే ఒకసారి లెక్క చూసుకోవాలి. గడిచిన ఏడాదిలో ఎన్ని టికెట్లు కొన్నారు? ఎన్ని పాయింట్లు వాడారు? వచ్చినది ఫీజు కన్నా తక్కువుంటే కార్డు మూసేయడమో, ఫీజు లేని కార్డుకు మార్చమని అడగడమో చేయాలి. అడిగితే కొన్ని బ్యాంకులు ఫీజు తగ్గిస్తాయి కూడా.

మరి ఎవరికి ఏది?

ఏడాదికి నాలుగైదు ఏసీ లేదా చైర్ కార్ టికెట్లు ఐఆర్‌సీటీసీలో కొనేవారికి రూ.300-500 ఫీజు రైలు కార్డు సరిపోతుంది. స్లీపర్‌లో వెళ్లేవారికి యూపీఐ చాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు విమానం ఎక్కేవారికి ఫీజు లేని కార్డు మేలు. విదేశీ ఖర్చు ఉన్నవారు ఫారెక్స్ మార్కప్ లేని కార్డు చూసుకోవాలి. కార్డుపైనే ఏడాదికి రూ.8 లక్షలు, ఆపైన ఖర్చు చేస్తూ, తరచూ విమానాల్లో తిరుగుతూ, ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టేవారికే పెద్ద ఫీజు కార్డు గిట్టుబాటు. కంపెనీ పనులపై తిరిగే వ్యాపారులు, పెద్ద జీతాల ఐటీ ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు.

కార్డుల ఫీజులు, పాయింట్లు మారుతూనే ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున బ్యాంకు వెబ్‌సైట్‌లో నిబంధనలు మరోసారి చూసుకోవడం మంచిది. గత ఏడాది కొన్న టికెట్ల జాబితా ఐఆర్‌సీటీసీ యాప్‌లోనే ఉంటుంది. ఏ కార్డు కావాలో తేల్చుకోవడానికి ముందుగా తెరిచి చూడాల్సింది ఏజెంట్ పంపిన లింక్ కాదు, ఆ జాబితా.